మా ఊరి మీంచి వెళ్ళిన విమానాలు

కేంద్రంలో పౌర విమానయాన శాఖ అంటే మా విజయనగరం, శ్రీకాకుళం వాళ్ళకి బాగా తెలిసిన శాఖే. 2014 నుంచి 2018 మార్చి వరకు మా విజయనగరం ఎంపీ అశోక్ గజపతిరాజు గారు ఆ శాఖ చూశారు. 2024 జూన్ నుంచి శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు గారు చూస్తున్నారు. ఢిల్లీ ఎయిర్‌పోర్ట్ నడుపుతూ, శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ కట్టిన జీఎంఆర్ అధిపతి గ్రంధి మల్లికార్జునరావు గారిది రాజాం. ఇంతమంది ఇక్కడివాళ్ళే అయినా, నా చిన్నప్పుడు మా ఊళ్ళో విమానం ఎక్కిన మనిషి అంటే గల్ఫ్‌కి కూలికి వెళ్ళినవాడే. ఇంకెవరూ లేరు. లాయరు గారు ఎక్కలేదు, హెడ్‌మాస్టారు ఎక్కలేదు, జీడిపిక్కల వ్యాపారంలో బాగా సంపాదించిన షావుకారు కూడా ఎక్కలేదు. తాపీ పని చేసేవాడు, వెల్డింగ్ పని చేసేవాడు ఎక్కాడు. ఈ మాట ఎప్పటినుంచో రాయాలని ఉంది, మా పక్కనే భోగాపురంలో కొత్త ఎయిర్‌పోర్ట్ రన్‌వే పూర్తయ్యాక ఇంక ఆగలేకపోయాను.

మాది పూసపాటిరేగ దగ్గర ఊరు. హైవేకి అటుపక్క మెట్టపొలాలు, ఇటు సముద్రం వైపు వెళ్తే సరుగుడు తోటలు, జీడి, కొబ్బరి, తాటిచెట్లు. మా మామ్మ పుట్టిల్లు భీమిలి దగ్గర. మా ఇంట్లో విమానాల కథ మామ్మతోనే మొదలవుతుంది, అదీ భయంతో మొదలవుతుంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. బంగాళాఖాతంలోకి వచ్చిన ర్యూజో అనే యుద్ధనౌక మీంచి లేచాయవి. అదే రోజు కాకినాడ మీద కూడా వేశాయి. ఆ తర్వాత విశాఖపట్నంలో జనం ఇళ్ళకి తాళాలేసి మూటాముల్లె సర్దుకుని పల్లెలకి వచ్చేశారు. మామ్మకి అప్పుడు పదేళ్ళలోపే. వాళ్ళ దూరపు చుట్టాల కుటుంబం ఒకటి రెండెడ్ల బండి మీద రాత్రికి రాత్రి దిగిందిట, బండిలో బియ్యం బస్తాతో పాటు రుబ్బురోలు కూడా ఉందిట. ఆ కంగారులో రుబ్బురోలు ఎందుకు తెచ్చుకున్నారో అప్పుడు ఎవరూ అడగలేదు, తర్వాత ఎవరికీ చెప్పడం రాలేదు అనేది మామ్మ. ఆ వేసవంతా వాళ్ళు అక్కడే ఉన్నారు. అప్పుడు పేలకుండా మిగిలిన బాంబు ఒకటి ఇప్పటికీ బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంలో ఉంది. నేను కాలేజీ రోజుల్లో చూశాను, మామ్మకి చెప్తే వినడానికి కూడా ఇష్టపడలేదు.

అందుకే మేము పిల్లలం కల్లంలో ఆడుకుంటుంటే పైన విమానం చప్పుడు వినిపించిందంటే మామ్మ గుమ్మంలోంచి కేకేసేది. "లోనికి రండర్రా, ఆ ఇమానం ఎల్లిపోనీండి." మేము వెళ్ళేవాళ్ళం కాదు. మెడలు విరిగేలా పైకి చూస్తూ పరిగెత్తేవాళ్ళం. బాగా ఎత్తులో మద్రాసు, కలకత్తా మధ్య తిరిగేవి వెళ్ళేవి, వెనకాల తెల్లటి చార. అది కరిగిపోయేదాకా చూడటం మాకు పెద్ద పని. కింద నుంచి పోయేవి నేవీ హెలికాప్టర్లు. అవి తీరం వెంబడే పోతాయి, వాటి చప్పుడు ముందు ఛాతీకి తెలిసేది, తర్వాత చెవికి. ఒకసారి ఎలక్షన్లలో హైస్కూల్ గ్రౌండులో హెలికాప్టర్ దిగింది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ అక్కడే. సున్నంతో గుండ్రంగా గీసి, మధ్యలో హెచ్ అక్షరం వేసి, పొగ పెట్టారు గాలి ఎటుందో తెలియడానికి. అది దిగుతుంటే లేచిన ఎర్రమట్టి పొద్దున్నుంచి వరసగా కూర్చున్న ఆడవాళ్ళ తలల మీద, చంటిపిల్లల మీద పడింది, పక్కనున్న పాక కప్పు సగం లేచిపోయింది. మీటింగు ఏం చెప్పారో మాలో ఒక్కరికీ గుర్తులేదు, ఆ రెక్కలు ఆగేటప్పుడు ఒక్కొక్కటీ విడిగా కనిపించడం మాత్రం ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది.

మా చిన్నాన్న తాపీమేస్త్రి. తొంభైల మధ్యలో కువైట్ వెళ్ళాడు. ఎకరంపావు పొలం తనఖా పెట్టి ఏజెంటుకి డబ్బు కట్టాం. అప్పట్లో మా వైపు నుంచి గల్ఫ్ అంటే దారి బొంబాయే. పాస్‌పోర్టు, మెడికల్, వీసా స్టాంపింగ్ అన్నీ అక్కడే, పెద్ద చదువు లేనివాళ్ళ పాస్‌పోర్టుకి ఈసీఆర్ ముద్ర, అంటే పనికి దేశం దాటాలంటే ప్రభుత్వ అనుమతి కావాలన్న ముద్ర ఉంటుంది కాబట్టి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కూడా కావాలి. ఆ కాగితాలు తేలేదాకా ఏజెంటు గదిలో పదిమంది మధ్య పడుకోవాలి. అందుకని మేము ఆయన్ని సాగనంపింది విమానం దగ్గర కాదు, విజయనగరం రైల్వేస్టేషన్లో. భువనేశ్వర్ నుంచి వచ్చే కోణార్క్ ఎక్స్‌ప్రెస్ జనరల్ పెట్టె. ఊళ్ళోంచి ట్రెక్కర్ కట్టించుకుని ఇంటిల్లిపాదీ వెళ్ళాం, పైడితల్లి అమ్మవారి గుడి దగ్గర ఆపి బొట్టు పెట్టించి, స్టేషన్లో ఇంకో ముగ్గురు అదే రైలుకి, అదే పనికి వెళ్ళేవాళ్ళు కనిపిస్తే వాళ్ళ అమ్మలూ మా మామ్మా ఒక దగ్గర చేరి ఏడ్చారు. ఆ రైలు కదిలాక చిన్నాన్న ఎప్పుడు విమానం ఎక్కాడో, ఎప్పుడు దిగాడో మాకు నెలన్నర తెలియలేదు.

తర్వాత క్యాసెట్ వచ్చింది. ఆ రోజుల్లో ఉత్తరం రాయడం రానివాళ్ళు మాటలు క్యాసెట్లో రికార్డు చేసి, సెలవుకి వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపేవారు. మొత్తం అరవై నిమిషాల క్యాసెట్లో రెండోవైపు సగం వరకు విమానం గురించే. తనకి కిటికీ పక్క సీటు రాలేదని, మధ్య సీటు వచ్చిందని, అయినా వంగి చూస్తే రెక్క కనిపించిందని, రెక్క అంచు కొంచెం కొంచెం ఊగుతుంటే విరిగిపోతుందేమోనని పక్కవాడిని అడిగాడని, ఆ పక్కవాడిది కరీంనగర్ అని, వాడికి అది మూడోసారి కాబట్టి వాడు ధైర్యం చెప్పాడని. అన్నం పెట్టిన ట్రే గురించి చాలాసేపు చెప్పాడు. ఆ ట్రేలో వచ్చిన ఉప్పు, మిరియాల పొడి చిన్న కాగితం పొట్లాలు వాడకుండా జేబులో వేసుకున్నాడు. రెండేళ్ళ తర్వాత సెలవుకి వచ్చినప్పుడు అట్టపెట్టెలోంచి దుప్పట్లు, టార్చిలైట్లు, టేప్ రికార్డర్, అమ్మకి చీరలు తీశాక, చివర్లో పర్సులోంచి ఆ రెండు పొట్లాలూ తీసి మామ్మ చేతిలో పెట్టాడు. మామ్మ వాటిని దేవుడి గూట్లో పెట్టింది. ఉప్పు చెమ్మెక్కి కాగితం అంతా నల్లబడేదాకా అక్కడే ఉన్నాయి. విమానం అంటే లోపలికి పరిగెత్తే మామ్మ, ఆ రోజు నుంచి ఆకాశంలో చప్పుడు వినిపిస్తే బయటికొచ్చి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసేది. కొడుకు ఉన్నది అందులోనే అన్నట్టు.

వైజాగ్ ఎయిర్‌పోర్ట్ నేను మొదట చూసింది చదువుకోవడానికి వైజాగ్ వెళ్ళినప్పుడు. ఎన్ఏడీ కొత్తరోడ్డు దాటాక బస్సు కిటికీలోంచి గోడ మీదుగా విమానం తోక కనిపించేది, అంతే. ఆ ఎయిర్‌పోర్ట్‌లో పౌర విమానాలు 1981లో రోజుకి ఒక్క సర్వీసుతో మొదలయ్యాయి. రన్‌వే, విమానాల రాకపోకలు చూసే ఏటీసీ అన్నీ నేవీవి, అది ఐఎన్ఎస్ డేగా అనే నేవీ స్థావరం. మనవాళ్ళు అందులో ఒక మూల ఉన్న టెర్మినల్ వరకే. పాత రన్‌వే పొడవు 6,000 అడుగులే, పెద్ద విమానాలకి అది చాలదు. పక్కన కొండలు, ఇంకోపక్క మేఘాద్రిగెడ్డ రిజర్వాయరు, దాన్నే పెంచుకుందామంటే జాగా లేదు. 2007లో 10,000 అడుగుల కొత్త రన్‌వే అందుబాటులోకి వచ్చాక, 2009లో కొత్త టెర్మినల్ కట్టాక వైజాగ్‌కి ఎయిర్‌పోర్ట్ కళ వచ్చింది. కానీ నేవీ విమానాలు ఎగిరే టైములో మన విమానాలకి స్లాట్లు దొరకవు. రన్‌వే రిపేర్ అంటే కూడా అంతే. 2023 నవంబర్ నుంచి 2024 మార్చి దాకా రాత్రి ఎనిమిది నుంచి పొద్దున్న ఎనిమిది వరకు రన్‌వే మూసేశారు, రాత్రి సర్వీసులు మొత్తం పోయాయి. నేవీని తప్పుపట్టడానికి ఏమీ లేదు, తూర్పు తీరానికి కాపలా కాసే స్థావరం అది, వాళ్ళ పని వాళ్ళకి ముందు. ఒకటే రన్‌వే మీద ఇద్దరి అవసరాలూ పెరుగుతూ పోతే ఎక్కడో అక్కడ ఆగిపోక తప్పదు కదా. భోగాపురం అవసరం అక్కడే పుట్టింది.

నా మొదటి విమానం వైజాగ్ నుంచి హైదరాబాద్‌కి. అప్పటికి ఎయిర్ డెక్కన్ వచ్చి టికెట్ల ధరలు నేల మీదకి దిగాయి, ముందుగా బుక్ చేసుకుంటే మాలాంటివాళ్ళకీ అందుబాటులోకి వచ్చాయి. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా పట్టే ప్రయాణం గంటంపావులో అయిపోయింది. హ్యాండ్‌బ్యాగుకి కట్టిన ట్యాగు మీద సెక్యూరిటీ ముద్ర పడిందో లేదో అని పదిసార్లు చూసుకున్నాను, ముద్ర లేకపోతే వెనక్కి పంపుతారని ఎవరో చెప్పారు. లేచాక ఒక్కసారిగా హార్బర్, అందులో ఓడలు, డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని అవతల సముద్రం. ఆ కొండని కింద నుంచి ఎన్నిసార్లు చూశానో, పై నుంచి చూస్తే అది అంత సన్నగా సముద్రంలోకి వెళ్ళిందని అప్పుడే తెలిసింది. కాసేపటికి మబ్బులు కమ్మేశాయి. చిన్నాన్నకి దొరకని కిటికీ సీటు నాకు దొరికిందని ఆ గంటలో చాలాసార్లు అనిపించింది.

మా రాష్ట్రంలో విమానాల కంపెనీలు వచ్చాయి, పోయాయి. వైజాగ్‌కి పారమౌంట్ నడిచింది, ఆగిపోయింది. కింగ్‌ఫిషర్ నడిచింది, 2012లో ఆగిపోయింది. విజయవాడ కేంద్రంగా 2013 అక్టోబర్లో ఎయిర్ కోస్టా మొదలైతే మనదీ ఒక ఎయిర్‌లైన్ అని ఎంత సంతోషించామో. చిన్న ఎంబ్రేయర్ విమానాలు, మధ్య సీటు ఉండదు, వైజాగ్ వాళ్ళం చాలామంది ఎక్కాం. 2017 ఫిబ్రవరిలో అదీ ఆగింది. ట్రూజెట్ 2015లో హైదరాబాద్ నుంచి ఏటీఆర్ విమానాలతో మొదలుపెట్టి కడపకీ తిరుపతికీ నడిపింది, 2022లో ఆగింది. విమానం నడపడం ఎంత ఖర్చో, ఇంధనం ధర, లీజులు, ఎయిర్‌పోర్ట్ ఛార్జీలు కలిపితే చిన్న కంపెనీ తట్టుకోవడం ఎంత కష్టమో ఇప్పుడు తెలుసు. అయినా ఆ కంపెనీలు లేకపోతే మా జిల్లాల డిగ్రీ పిల్లలు కౌంటర్లలో, గ్రౌండ్ స్టాఫ్‌లో ఉద్యోగం చేయొచ్చన్న సంగతే మాకు తెలిసేది కాదు. మా వీధిలో అమ్మాయి ఒకతి అలా ఒక ఎయిర్‌లైన్‌లో చేరి, నీలం యూనిఫాంలో సెలవుకి వచ్చినప్పుడు ఊరు ఊరంతా చూడ్డానికి వెళ్ళింది. ఇప్పుడు బెంగళూరులో డ్యూటీ మేనేజరు.

అశోక్ గజపతిరాజు గారు మంత్రిగా ఉన్నప్పుడే చిన్న ఊళ్ళకి తక్కువ ధరలో విమానాలు నడిపే ఉడాన్ పథకం వచ్చింది. గంట ప్రయాణానికి సగం సీట్లు 2,500 రూపాయలకి మించకూడదన్నది అందులో ముఖ్యమైన సంగతి. 2017 ఏప్రిల్ 27న సిమ్లా, ఢిల్లీ సర్వీసుతో పాటు మన కడప, హైదరాబాద్ సర్వీసు కూడా అదే రోజు మొదలైంది. విజయనగరం రాజావారు, అంటే అశోక్ గజపతిరాజు గారే, మంత్రిగా ఉండగా కడపకి విమానం వెళ్ళింది, విజయనగరానికి రాలేదు, ఎందుకంటే దిగడానికి ఇక్కడ ఏమీ లేదు. 2014లో రాష్ట్రం విడిపోయాక శంషాబాద్ తెలంగాణలో ఉండిపోయింది, ఇక మనకంటూ ఉండాల్సినవి మనమే కట్టుకోవాలి.

అదే ఏడాది హుద్‌హుద్ తుఫాను. అక్టోబర్ 12. మా ఊళ్ళో ఇళ్ళ కంటే కొబ్బరిచెట్లు ఎక్కువ పడ్డాయి. వైజాగ్ ఎయిర్‌పోర్ట్ టెర్మినల్ పైకప్పు ఎగిరిపోయింది, లోపల సీలింగ్ అంతా ఊడి వేలాడుతున్న ఫోటోలు తర్వాత పేపర్లో చూశాం. పరికరాలు దెబ్బతిన్నాయి. 17వ తేదీకి మళ్ళీ విమానాలు దిగాయి, ఆ నాలుగైదు రోజుల్లో అక్కడ పనిచేసినవాళ్ళకి దండం పెట్టాలి. వాళ్ళలో చాలామంది ఇళ్ళు కూడా పడిపోయే ఉంటాయి.

శంషాబాద్ గురించి ఒక సంగతి చెప్పాలి. రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను.

2008 మార్చిలో శంషాబాద్ మొదలయ్యాక మావాళ్ళకి బొంబాయి తిప్పట చాలావరకు తప్పింది. నేను అప్పటికి హైదరాబాద్‌లో ఉద్యోగం. ఊరి నుంచి ఎవరు గల్ఫ్ వెళ్తున్నా, ఎవరు వస్తున్నా ఫోన్ నాకే. రాత్రి ఒంటిగంటకి, రెండింటికి వెళ్ళి డిపార్చర్స్ దగ్గర నిలబడేవాణ్ణి. ఒకసారి వచ్చిన ఫోన్ వేరు. మా వీధి చివరి ఇంట్లో వదిన, వరసకి వదినే, వాళ్ళాయన సౌదీలో క్యాంపులో నిద్రలో గుండెపోటుతో పోయాడు. కాగితాలు తేలి శవం రావడానికి మూడు వారాలు దాటింది. నేను వెళ్ళాల్సింది అరైవల్స్‌కి కాదు, కార్గోకి. అక్కడ ఎంబసీ ఇచ్చిన కాగితం, శవం పాడవకుండా మందులు పెట్టినట్టు ఎంబామింగ్ సర్టిఫికెట్, రద్దు చేసిన పాస్‌పోర్టు, ఎయిర్‌వే బిల్లు, అన్నీ చూపించి సంతకాలు పెట్టాలి. ఫోర్క్‌లిఫ్ట్ మీద చెక్కపెట్టె తెచ్చారు. దాని మీద స్టిక్కర్ ఉంది. పేరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, బరువు. బరువెందుకు రాశారని అడిగితే కౌంటర్లో అబ్బాయి చాలా మెల్లగా చెప్పాడు, ఛార్జీ కిలోల లెక్కన ఉంటుందండీ అని. ఆ అబ్బాయి తప్పేం లేదు, ఆ మాట చెప్పడానికి వాడూ ఇబ్బంది పడ్డాడు. నాకు మాత్రం, కూర్చుని టీ తాగుతూ తాపీ పని కబుర్లతో నవ్వించే మనిషి ఆ స్టిక్కర్ మీది అంకె అయిపోవడం ఇప్పటికీ మింగుడుపడదు.

అక్కడి నుంచి అంబులెన్స్. సూర్యాపేట, విజయవాడ, రాజమండ్రి, తుని, అనకాపల్లి. రాత్రంతా. డ్రైవరుతో పాటు నేనొక్కణ్ణే. ప్రతి గంటకీ వదిన తమ్ముడు ఫోన్ చేసి ఎక్కడిదాకా వచ్చారు బావూ అని అడిగేవాడు, వెనకాల ఆడవాళ్ళ ఏడుపు వినిపించేది. ఊరు చేరేసరికి బాగా తెల్లారిపోయింది. వైజాగ్‌కే నేరుగా వచ్చి ఉంటే రెండు గంటల దారి. ఆ రాత్రి ఆమెకి తప్పేది. వైజాగ్ నుంచి కూడా ఎయిరిండియా కొన్నాళ్ళు దుబాయ్‌కి నడిపింది, సింగపూర్‌కి సర్వీసులు వచ్చాయి, కానీ మా జిల్లాల కూలీలు ఎక్కువ ఉండే కువైట్, ఖతర్, సౌదీలకి వెళ్ళేవాడు హైదరాబాదో ఇంకో ఊరో తిరగాల్సి వచ్చేది. ఎయిర్‌పోర్ట్ గురించి మాట్లాడేవాళ్ళు ఐటీ కంపెనీలు, టూరిజం, రొయ్యల ఎగుమతి అంటారు. అవన్నీ రావాలి. కానీ నాకు ముందు గుర్తొచ్చేది ఆ అంబులెన్స్ ప్రయాణమే.

రాజాం సంగతి. మా వైపు గోగునార పంట, జూట్ మిల్లులు ఎప్పటినుంచో ఉన్నవే. వానాకాలం పోయాక చెరువుల్లో గోగు కట్టలు ఊరేసిన వాసన తెలియని మనిషి మా జిల్లాలో ఉండడు. మల్లికార్జునరావు గారు వ్యాపారంలో మొదలైంది రాజాంలో ఆ జూట్ మిల్లుతోనే. అక్కడి నుంచి ఎయిర్‌పోర్టుల దాకా వెళ్ళారు. రాజాం బస్టాండులో దిగి చూస్తే ఇది ఎవరూ నమ్మరు, అందుకే మా రాజాం చుట్టాలు ఢిల్లీ ఎయిర్‌పోర్ట్‌లో దిగినప్పుడల్లా ఫోటో తీసి పంపుతారు. మన ఊరి పెద్దాయన ఎయిర్‌పోర్ట్ అని.

భోగాపురం మాట 2015లో మొదలైనప్పుడు పదిహేను వేల ఎకరాలు అన్నారు. జనం రోడ్డెక్కారు. కొబ్బరి, జీడి, మామిడి, సరుగుడు మీద బతికే ఊళ్ళవి. తర్వాత తగ్గుతూ తగ్గుతూ చివరికి సుమారు 2,200 ఎకరాలకి వచ్చింది. 2019 ఫిబ్రవరిలో ఒక శంకుస్థాపన, 2023 మే 3న ఇంకో శంకుస్థాపన. టెండర్లో ఒక్కో ప్రయాణికుడికి 303 రూపాయలు ప్రభుత్వానికి ఇస్తామన్న జీఎంఆర్‌కి పని దక్కింది. మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట. ఈ నాలుగు ఊళ్ళూ లేచిపోయాయి. ఈ పేర్లు రాయాలి. ఎయిర్‌పోర్ట్‌కి అల్లూరి సీతారామరాజు గారి పేరు పెట్టారు, చాలా సంతోషం, ఆ మన్యం వీరుడికి అది తక్కువే. కానీ లోపల ఎక్కడో ఒక గోడ మీద ఈ నాలుగు ఊళ్ళ పేర్లు కూడా తెలుగులో రాసి పెట్టాలని నా కోరిక.

మా మేనత్తని ఇచ్చింది ఆ ఊళ్ళలో ఒకదానికి. ఇసక నేల. అక్కడ నుయ్యి తవ్వాలంటే పెద్ద పనే లేదు, రెండు నిలువుల లోతులో తియ్యటి నీళ్ళు, సముద్రం అంత దగ్గర్లో ఉన్నా ఉప్పు తగలదు. వేసవిలో మేము వెళ్తే ఆ నూతి నీళ్ళు తాగడానికే వెళ్ళేవాళ్ళం. అధికారులు వచ్చి చెట్లకీ, నూతులకీ, ఇళ్ళకీ నంబర్లు వేశారు, ఎర్ర రంగుతో. పరిహారం లెక్క అది. అత్తకి కాలనీలో స్లాబ్ ఇల్లు వచ్చింది, పాతింటి కంటే గట్టిది, వాన వస్తే కారదు, ఆ మాట అత్తే చెప్తుంది. కొళాయి కూడా ఉంది. "నీలు అయి కావురా బావూ" అంటుంది వెంటనే. చుట్టుపక్కల పిల్లలు కొందరికి ఎయిర్‌పోర్ట్ పనుల్లో ఉద్యోగాలు దొరికాయి, కొందరికి ఇంకా లేదు. అక్కడ నిర్మాణం జరుగుతున్నన్నాళ్ళూ అత్త వెళ్ళి చూడలేదు. ఉద్దానం వైపు ఇంకో ఎయిర్‌పోర్ట్ మాట ఇప్పుడు వినిపిస్తోంది, అక్కడి జీడి, కొబ్బరి రైతులు ఒప్పుకోవడం లేదు. 2018లో తిత్లీ తుఫానుకి కూలిన తోటల్ని మళ్ళీ నిలబెట్టుకున్నవాళ్ళు వాళ్ళు. వాళ్ళతో మాట్లాడేవాళ్ళు ముందు మా అత్త దగ్గరికి వచ్చి ఓ పూట కూర్చుంటే మంచిది.

2026 జనవరి 4న ఢిల్లీ నుంచి ఎయిరిండియా విమానం భోగాపురంలో ట్రయల్‌గా దిగింది, రామ్మోహన్ నాయుడు గారు అందులోనే వచ్చారు. 3.8 కిలోమీటర్ల రన్‌వే. టెర్మినల్ ఎగిరే చేప ఆకారంలో కట్టారు, మొదటి దశలో ఏడాదికి 60 లక్షల మంది ప్రయాణించేలా. విజయనగరం రాజుల ట్రస్టు మాన్సాస్ భూముల్లో జీఎంఆర్ వాళ్ళు విమానయాన విద్య కోసం ఎడ్యు సిటీ పెడతామన్నారు. ఇది చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంకదేనికీ కలగలేదు. విమానం లోపల కూర్చునేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, దాని ఇంజన్ విప్పి బిగించే పిల్లలు పూసపాటిరేగ హైస్కూల్ నుంచి రావాలి. లైసెన్సు ఉన్న మెయింటెనెన్స్ ఇంజనీరుకి ప్రపంచంలో ఎక్కడైనా గౌరవం. మా చిన్నాన్న కువైట్‌లో ముప్ఫై అంతస్తుల మేడలు కట్టాడు, వాటిలో ఒక్కదాన్లోకీ కట్టాక మళ్ళీ వెళ్ళలేదు. ఈ తరం పిల్లలకి అలా కాకూడదు.

ఆ జనవరి ఆదివారం మా ఊళ్ళో చాలామంది మేడలెక్కారు. చిన్నాన్నకి మోకాళ్ళ నొప్పులు, ఎక్కలేడు. వీధిలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆయన కొడుకు, నాకు తమ్ముడు, ఐటీఐ చేసి ఇప్పుడు దోహాలో ఎలక్ట్రీషియన్. వీడియో కాల్‌లో ఉన్నాడు, నాన్నా చూపించు చూపించు అని. చిన్నాన్న ఫోన్ పైకి ఎత్తిపట్టుకున్నాడు గానీ వాడికి ఏం కనిపించిందో తెలియదు. ఇక్కడి నుంచి దోహాకి ఎప్పుడు పడుతుందట అని ఆ రోజు నుంచి వారానికోసారి నన్ను అడుగుతున్నాడు. పడిన మొదటి నెలలోనే సెలవు పెట్టుకుని రమ్మని కొడుక్కి చెప్పేశాడు కూడా. కారు మాట్లాడతాను, ఇంట్లోనే ఉండు, నేను వెళ్ళి తీసుకొస్తాను అన్నాను.

"కాదురా, నేనే ఎల్తాను" అన్నాడు. "బొంబాయిలో దిగి బయటికొస్తే అందరికీ ఎవలో ఒకలు ఉండీవోరు, పేరు రాసిన అట్టముక్క పట్టుకునో, దండ పట్టుకునో. నాకు ఒక్కపాలైనా ఎవలూ లేరు. ఆడికి నేనుంటాను."